సూళ్లూరుపేట, పులికాట్, నేలపట్టు: చూడ్డానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం వచ్చిందంటే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఈ పులికాట్ సరస్సు పక్కనే పెరిగినవాళ్లం కాబట్టి దీని మీద మాకు ప్రేమ ఎక్కువ. వచ్చేవాళ్లు ఉత్త చేతులతో, ఉత్త కళ్లతో వెనక్కి వెళ్లకూడదనే ఈ శ్రమ.

అసలు ఈ ఊరు ఎక్కడుంది? ఎలా రావాలి?

సూళ్లూరుపేట చెన్నై–నెల్లూరు దారిలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. చెన్నైకి ఉత్తరంగా దాదాపు 80 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మాట, వంట మాత్రం ఇప్పటికీ నెల్లూరువే.

రైల్లో రావడమే సుఖం. చెన్నై–గూడూరు లైనులో మా స్టేషన్ ఉంది. చెన్నై నుంచి లోకల్ రైళ్లు ఇక్కడిదాకా వస్తాయి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు సూళ్లూరుపేటలో ఆగే రైలు చూసుకోవాలి, లేదంటే గూడూరులో దిగి మారాలి. తిరుపతి నుంచి అయితే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బస్సులో రావచ్చు.

పులికాట్ అంటే సముద్రమా, చెరువా?

రెండూ కాదు. అటు సముద్రపు ఉప్పునీళ్లు, ఇటు నదుల మంచినీళ్లు కలిసే ఉప్పునీటి సరస్సు. మన దేశంలో ఇలాంటి వాటిలో ఒడిశాలోని చిలకా మొదటిది, పులికాట్ రెండోది. బంగాళాఖాతానికీ సరస్సుకీ మధ్య అడ్డంగా పడుకున్న పొడవాటి ఇసుక దీవే శ్రీహరికోట. స్వర్ణముఖి, మా ఊరి పక్కనే పారే కాళంగి, దక్షిణాన ఆరణి నది దీంట్లోకి నీళ్లు తెస్తాయి. సముద్రపు నీళ్లు ముఖద్వారాల గుండా వస్తాయి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది.

పాతవాళ్లు దీన్ని ప్రళయకావేరి అనేవాళ్లు. ఆ పేరు చూసి లోతైన నీళ్లని భయపడకండి. చాలాచోట్ల మనిషి నడుం దాకా కూడా రావు. ఆ లోతు లేకపోవడమే ఈ సరస్సు గొప్పతనం. పొడుగు కాళ్ల పక్షులు నిలబడి మేయాలంటే ఇలాంటి పలుచని నీళ్లే కావాలి.

ఏ నెలలో రావాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మా దగ్గర నెలల కంటే నీళ్లను చూసి లెక్కపెట్టుకోవాలి.

మాకు పెద్దవానలు జూన్, జూలైలో రావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ వానలకు మా ఊరికి ఉత్తరాన ఉన్న నేలపట్టు చెరువు నిండుతుంది, చెట్ల మొదళ్లు నీళ్లలో మునుగుతాయి, అప్పుడు గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టడం మొదలుపెడతాయి. వాన ముందుగా వస్తే అవీ ముందుగా వస్తాయి. వాన మొహం చాటేసిన ఏడాది గూళ్లూ పలుచబడతాయి. కాబట్టి నేలపట్టుకు డిసెంబరు, జనవరి మంచి కాలం. గూళ్లలో పిల్లలు కూడా కనిపిస్తాయి.

ఫ్లెమింగోల లెక్క వేరే. వాన బాగా పడి సరస్సు నిండుగా ఉంటే వాటికి నిలబడే చోటు దొరకదు, ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. నీళ్లు కొంచెం తీసి, బురద పైకి తేలుతున్నప్పుడు గుంపులుగా రోడ్డు దగ్గరికి వస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ అవకాశం ఎక్కువ. డిసెంబరులో వచ్చి "ఒక్క ఫ్లెమింగో కూడా లేదు" అని బాధపడి వెళ్లిన వాళ్లను చూశాను. పక్షులు ఆ ఏడాదీ వచ్చాయి, కానీ నీళ్లు ఎక్కువగా ఉండటంతో దూరంగా ఉండిపోయాయి.

రెండూ ఒకే ట్రిప్పులో చూడాలంటే సంక్రాంతి తర్వాతి రెండు మూడు వారాలు పెట్టుకోండి. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం ప్రయాణం మానుకోండి. కాళంగి పొంగితే మా రోడ్ల పరిస్థితి మాకే తెలియదు.

ఎండాకాలంలో వస్తే ఏమీ ఉండదా?

ఏప్రిల్, మే నెలల్లో సరస్సు ఉత్తర భాగం చాలా మట్టుకు ఎండిపోతుంది. పగుళ్లిచ్చిన నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని, దూరంగా ఎండమావులు కనిపిస్తాయి. ఆ దృశ్యానికీ ఒక అందం ఉంది, కానీ పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఆ ఎండలో తీసుకురాకండి. ఇంకో మాట. ఎండిన నేల గట్టిగా కనిపిస్తోందని కారో బైకో దానిలోకి దించొద్దు. పైన పెచ్చు కట్టి ఉంటుంది, కింద బురదే.

ఫ్లెమింగోలు సరిగ్గా ఎక్కడ కనిపిస్తాయి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీదే. సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు అది. దాదాపు 18 కిలోమీటర్లు. అటూ ఇటూ నీళ్లు, మధ్యలో రోడ్డు. అలాంటి దారి మన రాష్ట్రంలో ఇంకోటి చూడలేదు నేను. మధ్యలో అటకానితిప్ప అనే చోట అటవీశాఖ వాళ్ల కేంద్రం, వాచ్ టవర్ ఉన్నాయి. తిప్ప అంటే నీళ్ల మధ్య తేలిన ఇసుక మెరక. ఈ చుట్టుపక్కల ఊళ్ల పేర్లలో ఆ మాట తరచూ వినిపిస్తుంది.

ఫొటోలు తీసేవాళ్లకు ఒక కిటుకు. ఈ రోడ్డు పడమర నుంచి తూర్పుకి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరంగా, అంటే శ్రీహరికోట వెళ్తుంటే ఎడమవైపున, ఉన్న పక్షుల మీద వెలుతురు చక్కగా పడుతుంది. కుడివైపు పక్షులు నల్లని నీడల్లా వస్తాయి. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు తర్వాత మంచి సమయం. నడి మధ్యాహ్నం నీళ్ల మీద ఎండ ఊగి, దూరపు పక్షి స్పష్టంగా కనపడదు.

మామూలు కళ్లకు ఫ్లెమింగోల గుంపు దూరాన ఒక గులాబీ గీతలా ఉంటుంది. బైనాక్యులర్స్ ఉంటేనే అసలు సంగతి తెలుస్తుంది. తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, వంకర ముక్కుతో నీటిని వడకట్టి, అందులోని నాచునూ సన్నని జీవులనూ తింటాయి. ఆ తిండిలోని రంగే ఈకలకు ఎక్కుతుంది. పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి. రెక్కలు విప్పినప్పుడు లోపలి ఎరుపూ, అంచుల నలుపూ ఒక్కసారిగా బయటపడతాయి. గుంపు మొత్తం లేచినప్పుడు చూడాలి! కానీ దాని కోసం అరవడం, చప్పట్లు కొట్టడం, రాళ్లు విసరడం దయచేసి చేయొద్దు. లేచిన ప్రతిసారీ వాటి మేత సమయం పోతుంది. ఓపికగా అరగంట నిలబడితే ఏ గద్దో మీదుగా పోయినప్పుడు అవే లేస్తాయి.

ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయట కదా?

చిన్నప్పుడు మేమూ అలాగే విన్నాం. అన్నీ కాదు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు దక్షిణాసియా పక్షులే, దూరదేశాలవి కావు. ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. చలికాలంలో వచ్చే బాతుల్లో, ఉల్లంకి పిట్టల్లో చాలావాటిది నిజంగానే ఉత్తరాన, హిమాలయాలకు అవతలి నుంచి ప్రయాణం. పిల్లలు అడిగితే ఈ తేడా చెప్పండి. మన పక్షి మనదేనని తెలిస్తే వాళ్లకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

నేలపట్టులో ఏముంది? పులికాట్ చూస్తే చాలదా?

చాలదు. ఒక్కటే చూసే వీలుంటే నేలపట్టే చూడమంటాను.

సూళ్లూరుపేటకు ఉత్తరంగా 20 కిలోమీటర్ల లోపే, దొరవారిసత్రం మండలంలో ఉంది. పులికాట్, నేలపట్టు రెండూ 1976లో పక్షుల అభయారణ్యాలయ్యాయి. నేలపట్టుది సుమారు 458 హెక్టార్లు. పేరు పెద్దదే గానీ చూడ్డానికి మామూలు ఊరి చెరువులా ఉంటుంది. ఆ చెరువు నీళ్లలోనే నీటికడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు గూళ్లు పెడతాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూటి దగ్గరికి రాలేవు. పక్షులు ఈ చెరువును ఎంచుకోవడానికి అదే కారణం.

కట్ట మీద నడుస్తూ పోతే ముందు వినపడేది రొద, తర్వాత వాసన, ఆ తర్వాతే పక్షులు. గూడబాతు పిల్ల తన తల మొత్తం తల్లి నోట్లోకి దూర్చి చేప తినడం వాచ్ టవర్ మీద నుంచి కనపడుతుంది. మొదటిసారి చూసిన పిల్లలు తల్లి బిడ్డను మింగేస్తోందని కంగారుపడతారు. అది అమ్మ తినిపించే పద్ధతి.

ఆ చేప ఎక్కడిదనుకున్నారు? చాలావరకు పులికాట్‌ది. తల్లి పక్షులు సరస్సు దాకా ఎగిరి వెళ్లి వేటాడి, మళ్లీ గూటికి వస్తాయి. నేలపట్టు వాటికి పురిటిల్లు, పులికాట్ వంటిల్లు. ఒకదానికి కష్టమొస్తే రెండోదీ పాడవుతుంది. అందుకే రెండూ చూడమంటున్నాను, ఆ క్రమంలోనే చూడమంటున్నాను.

ఊరివాళ్ల సంగతి కూడా చెప్పాలి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని ఇక్కడి రైతుల నమ్మకం. పక్షి వస్తే పంట బాగుంటుందనే మాట తరాలుగా ఉంది. అడవి శాఖ కాపలా ఎంత ఉన్నా, ఊరు ఒప్పుకోకపోతే ఇన్నేళ్లు పక్షులు నిలిచేవి కావు.

ఫ్లెమింగో ఫెస్టివల్‌కి రావడం మంచిదా, మామూలు రోజుల్లోనా?

పండుగ 2001 నుంచి జరుగుతోంది. కొన్నేళ్లు ఆగి, 2025 జనవరి 18 నుంచి 20 దాకా మళ్లీ మూడు రోజులు ఘనంగా చేశారు. ప్రత్యేక బస్సులు, స్టాళ్లు, సాంస్కృతిక కార్యక్రమాలు ఉంటాయి, చుట్టుపక్కల బడిపిల్లలంతా వస్తారు. ఆ సందడి కావాలంటే అప్పుడే రండి. పక్షులనే చూడాలంటే పండుగ అయిపోయిన వారం తర్వాత, అదీ ఆదివారం కాని రోజు రండి. నా ఓటు దానికే.

బోటు షికారు ఉందా?

తడ దగ్గర భీములవారిపాలెంలో పడవ రేవు ఉంది. ఇరకం దీవికి వెళ్లేది అక్కడి నుంచే. ఇరకం ఊళ్లో జనం ఉంటారు. వాళ్ల బడి, బజారు, ఆసుపత్రి అన్నింటికీ పడవే దిక్కు. వాళ్లతో కలిసి పడవలో వెళ్లి, దీవిలో కాసేపు నడిచి రావడం నాకు షికారు బోటు కంటే బాగా నచ్చుతుంది. అక్కడ హోటళ్లు లేవు, తాగేనీళ్లు మీరే తీసుకెళ్లాలి. తిరిగి వచ్చే పడవ ఎన్నింటికో ఎక్కేముందే అడగండి.

టూరిస్టు బోట్లు నీటిమట్టాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి నడుస్తాయి. బయలుదేరే ముందు కనుక్కోండి. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం ఎక్కొద్దు. ఓసారి మా కుటుంబం ఒక ప్రైవేటు పడవ ఎక్కింది. పదిమందికి నాలుగే జాకెట్లు ఇచ్చారు. నీళ్లు లోతు లేవు కదా అని ఊరుకున్నాం. మధ్యలో గాలి లేచి పడవ ఊగిన పది నిమిషాలూ పిల్లల్ని పట్టుకుని కూర్చున్న ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి జాకెట్లు లెక్కపెట్టాకే ఎక్కుతున్నాం.

వేనాడుకు అయితే పడవ అక్కర్లేదు, రోడ్డు ఉంది. అక్కడి దర్గాకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. దారి పొడవునా రెండువైపులా నీటి పక్షులు కనిపిస్తాయి.

రాకెట్ ప్రయోగం చూడొచ్చా?

తప్పకుండా. సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రాన్ని ఇక్కడ అందరం షార్ అంటాం. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్, ఎగిరింది. ఉపగ్రహాలను మోసే పెద్ద రాకెట్ల లెక్కలో 2025 జనవరి 29న వందో ప్రయోగం జరిగింది. 2019 నుంచి మామూలు ప్రజల కోసం లాంచ్ వ్యూ గ్యాలరీ ఉంది. ప్రయోగం తేదీ ప్రకటించాక ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తేవాలి. సీట్లు తొందరగా అయిపోతాయి.

సీటు దొరక్కపోయినా ఫర్వాలేదు. సూళ్లూరుపేటలో ఏ మేడ ఎక్కినా కనపడుతుంది. ముందు తూర్పు దిక్కున వెలుగు లేస్తుంది, చప్పుడు ఏమీ ఉండదు. రాకెట్ బాగా పైకెళ్లాక, దాదాపు నిమిషం తర్వాత ఉరుము లాంటి మోత వచ్చి కిటికీ అద్దాలు అదురుతాయి. ధ్వని మా దాకా ప్రయాణం చేసి రావడానికి పట్టే సమయం అది. బడిలో చదివిన భౌతికశాస్త్రం ఒంటికి తగిలినట్టు ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి కాబట్టి రాకెట్ ఒక్కదాని కోసమే దూరం నుంచి రావద్దు, పక్షులు కూడా ఉండే నెలలో ప్లాన్ చేసుకోండి. రెండోది, ప్రయోగం రోజు శ్రీహరికోట రోడ్డు మీద పోలీసు ఆంక్షలు ఉంటాయి. ఆ రోజు అటకానితిప్ప ప్రోగ్రాం పెట్టుకోకండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

కుదరదు. ఒకపక్క అభయారణ్యం, ఇంకోపక్క అంతరిక్ష కేంద్రం. డ్రోన్ సంచిలోంచి తీయకండి. షార్ గేటు దగ్గర ఫొటోలు కూడా తీయొద్దు.

చెంగాళమ్మ గుడి గురించి చెప్పండి.

కాళంగి ఒడ్డున, ఊళ్లోనే. ఈ గుడికి రాత్రీ పగలూ తలుపులు వేయరు. ఏ వేళ దిగినా అమ్మవారి దర్శనం అవుతుంది. ప్రయోగాలకు ముందు ఇస్రో ఛైర్మన్లు వచ్చి దండం పెట్టుకుని వెళ్లడం ఆనవాయితీగా వస్తోంది. తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు నేరుగా ఇక్కడికి వచ్చి, తర్వాత నేలపట్టు వెళ్లడం మంచి వరస.

కొండలు, జలపాతాలు ఏమైనా దగ్గరలో ఉన్నాయా?

ఉబ్బలమడుగు. చెన్నై కుర్రాళ్లు తడ ఫాల్స్ అంటారు. వరదయ్యపాళెం మండలంలో, కంబాకం అడవిలో ఉంది. చెక్‌పోస్టు దగ్గర టికెట్ తీసుకుని, బండి వెళ్లినంత దూరం వెళ్లి, ఆ తర్వాత వాగు వెంట రాళ్ల మీద నడవాలి. వానల తర్వాత నీళ్లు అద్దంలా ఉంటాయి. లోపల సిద్ధేశ్వరస్వామి కొలువై ఉన్నాడు, శివరాత్రికి జనం పోటెత్తుతారు.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఈ మడుగుల్లో ప్రాణాలు పోయాయి, ఒకటి రెండు కాదు. పైకి ప్రశాంతంగా కనిపించే నీళ్ల కింద నునుపు రాయి, ఒక్కసారిగా దిగే లోతు ఉంటాయి. ఈత వచ్చినవాళ్లే ఎక్కువగా మోసపోయారు. కాళ్లు తడుపుకోండి, మడుగులోకి దూకొద్దు. మందు తాగి అసలే వెళ్లొద్దు. మధ్యాహ్నం మూడు కల్లా వెనక్కి నడక మొదలుపెట్టాలి.

సముద్రం కావాలనే వాళ్లకు వాకాడు మండలంలో తూపిలిపాలెం బీచ్ ఉంది. అలలు గట్టివి, అక్కడా అదే జాగ్రత్త.

పులికాట్ అనే ఊరు వేరే ఉందటగా?

ఉంది. సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడులో, తమిళంలో పళవేర్కాడు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు అక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. వాళ్ల శ్మశానంలో చెక్కిన సమాధి రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాలకాట్ లుంగీ అని పెద్దవాళ్లు అంటుంటారే, ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే. కేరళలోని పాలక్కాడ్‌కూ దానికీ సంబంధం లేదు. వెళ్లాలంటే గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా చుట్టు తిరిగి పోవాలి, దానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి.

తిండి, బస?

ఊళ్లో లాడ్జిలు ఉన్నాయి, పెద్ద రిసార్టులు లేవు. రాకెట్ ప్రయోగం, ఫెస్టివల్ రోజుల్లో గదులు దొరకవు. తిండికి కొదవ లేదు. సరస్సు రొయ్యలు, పీతలు తప్పకుండా తినండి. మామిడికాయ ముక్కలేసిన నెల్లూరు చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడు ఇంకా బాగుంటుంది. శాకాహారులకు మెస్సుల్లో భోజనం బాగుంటుంది.

ఒక్క రోజే ఉంది. ఎలా తిరగాలి?

ముందురోజు రాత్రికే చేరుకోండి. తెల్లవారకముందే బయలుదేరి ఆరున్నరకల్లా నేలపట్టు కట్ట మీద ఉండాలి. రెండు మూడు గంటలు అక్కడే. తిరిగి సూళ్లూరుపేటలో టిఫిన్, అమ్మవారి దర్శనం, భోజనం, కాసేపు నిద్ర. మూడున్నరకు శ్రీహరికోట రోడ్డు పట్టి, అటకానితిప్పలో సూర్యాస్తమయం దాకా ఉండండి. ఉబ్బలమడుగు కూడా ఇదే రోజు ఇరికించాలని చూడొద్దు.

పెద్దవాళ్లకు ఈ రోడ్డు వరం. కారు పక్కన ఆపి, కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు. సైకిల్ తొక్కేవాళ్లు తెల్లవారుజామున తొక్కండి. ఎక్కడా నీడ లేదు, గాలి ఎదురొస్తే కష్టం.

ఏం తెచ్చుకోవాలి?

బైనాక్యులర్స్, టోపీ, నీళ్ల సీసా, మట్టి రంగు బట్టలు. ఎరుపు, తెలుపు బట్టలు పక్షులకు దూరం నుంచే కనపడతాయి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకెళ్లడానికి ఒక సంచి.

సరస్సు చిక్కిపోతోందని విన్నాం, నిజమేనా?

నిజమే. సముద్రం నుంచి నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడుకుపోతున్నాయి. రాయదొరువు దగ్గర పూడిక తీయాలని జాలర్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. సముద్రపు నీళ్లు రాకపోతే రొయ్య, చేప పిల్లలూ రావు, సరస్సు ముందే ఎండుతుంది. పక్షుల కంటే ముందు ఆకలి తగిలేది వల వేసే ఇంటికే. మీరు వచ్చినప్పుడు పక్షుల ఫొటోలతో పాటు వాళ్లతోనూ రెండు మాటలు మాట్లాడండి. పడవ కట్టుకుంటున్న మనిషిని "అన్నా, ఈ ఏడు నీళ్లెట్టా ఉన్నాయి?" అని అడగండి చాలు, సరస్సు సంగతంతా ఆయనే చెప్తాడు.

గూటి నుంచి పడిపోయిన పిల్ల కనిపిస్తే ఏం చేయాలి?

నేలపట్టులో గాలి గట్టిగా వీచిన రోజున అలా జరుగుతుంది. చేతుల్లోకి తీసుకోవద్దు, నీళ్లు తాగించొద్దు, చుట్టూ గుమిగూడొద్దు. ఎక్కడ చూశారో గుర్తుపెట్టుకుని, గేటు దగ్గరున్న అటవీ సిబ్బందికి వెంటనే చెప్పండి.